తేలికైన పీపా

బీరు బండి డ్రైవరు ప్రతి మంగళవారం తెల్లవారుతూనే పీపాలెక్కించుకుని బయల్దేరతాడు. మొదటి మజిలీ నగరంలో, గోడ నిండా ముప్పై కుళాయిలున్న బారు. అక్కడ పీపాని నలుగురు పడితే గానీ లేవదు. అక్కర్లేని చోట బరువెక్కడం, కావాలనుకునే చోట తేలికవడం అతను పనిచేసే చిన్న కార్ఖానా బీరుకి మొదట్నుంచీ ఉన్నదే. హమాలీలు నడుముకి గుడ్డ బిగించుకుంటారు తప్ప దాని గురించి మాట్లాడరు.

బారులోవాళ్ళు గ్లాసుని వెలుతురుకి పట్టి చూస్తారు, ఫోటో తీస్తారు, సగం వదిలేసి పక్క కుళాయికి మారతారు. పీపా బరువు చూసి 'సరుకంటే ఇదీ' అంటారు. నాలుకతో తేల్చాల్సింది కాటా మీద తేల్చే పెద్దమనుషులకి ఎవడు చెప్పగలడు?

డ్రైవరు చెప్పడు. భార్య పోయిన ఈ మూడేళ్ళలో అతనికి ఉప్పూ తెలీదు, కారమూ తెలీదు. వేడి టీ గొంతులో పోసుకున్నా ఎవరో తాగినట్టే ఉంటుంది.

చివరి మజిలీ ఎనిమిది గంటల దూరాన రాతి గనుల ఊరు. అక్కడ దొరికేది ఒకటే రకం, నీళ్ళలాంటి పెద్ద కంపెనీ బీరు. అందుకే వారానికొచ్చే ఈ ఒక్క పీపాని కొట్టు నడిపే అక్క చంటిపిల్లలా చంకనేసుకుని దింపుకుంటుంది. గని పనివాళ్ళు చిన్న గ్లాసులతో గుక్కగుక్కకీ ఆగి తాగుతారు.

"మాడిన రొట్టె అంచులా ఉంది."

"కాదెహె, వానకి తడిసిన రాయి."

"నువ్వు రాయి తప్ప ఇంకేం తిన్నావులే."

ఆ మంగళవారం అక్క పీపా దింపగానే కార్ఖానా యజమాని ఫోను చేశాడు. "ఆ ఊరి చీటీ మీద పీపా తూకం మూడు కిలోలని ఉంటోంది. ఇంత తేలిక సరుకు పోస్తే మన పేరేం కావాలి? అయినా వాళ్ళకేం తెలుసు దాని విలువ. వెనక్కి తెచ్చెయ్. ఇక ఆ ఊరు వద్దు."

"సరేనండి," అన్నాడు డ్రైవరు. అతను అన్నిటికీ సరేనండే.

"అక్కా, వెనక్కి తెచ్చెయ్యమన్నారు. ఇక రాదు."

"ఎందుకట?"

"తేలిగ్గా ఉందట."

"రాళ్ళు నింపి పంపుదామా?" అన్నారెవరో. అక్కే పీపాని మళ్ళీ బండిలో పెట్టింది. "అయితే నువ్వూ రావన్నమాట, తమ్ముడూ."

"రాను."

అలా అన్నప్పుడూ అతనికేమీ అనిపించలేదు.

ఊరి చివర మలుపులో బండి వెనకభాగం కుంగింది. టైర్లు నేలకి అంటుకుపోయాయి. ఇంజను మూలిగి ఆగింది. బండిలో ఉన్నది ఒక్క పీపా. అతను దిగి చూశాడు, ఎక్కాడు, మళ్ళీ ముందుకి తోలాడు. కదల్లేదు. వెనక గేరు వేస్తే మాత్రం బొమ్మబండిలా జారింది. అలా వీధంతా వెనక్కే వచ్చి కొట్టు ముందు ఆగాడు.

అక్క పీపా దింపి, మొదటి గ్లాసు అతని చేతికిచ్చింది. ఇన్నేళ్ళు మోశాడు గానీ ఒక్కసారీ తాగలేదు. ఒక గుక్క మింగి, నాలుకతో పెదాలు తడుముకున్నాడు.

ఫోను మోగింది. "ఎక్కడిదాకా వచ్చావు?"

"బండి రానంటోందండి."

"అయితే దాన్నొదిలేసి బస్సెక్కు."

డ్రైవరు ఇంకో గుక్క తాగాడు.

"ఇప్పుడు కాదండి," అన్నాడు. "చేదు తెలుస్తోంది."