గొంతులో ఇసుక

ఆంప్లిఫయర్ మూడోసారి వెనక్కి వచ్చింది. ఇద్దరు పట్టుకుంటేగాని లేవని పెట్టె. దాన్ని పనిబల్ల మీద పెట్టించి, టీచరమ్మ స్టూలు చివర కూర్చుంది.

మేస్త్రి ఆమె వంక చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటివి బాగుచేస్తున్న చెయ్యి అతనిది. ఒకే పెట్టె మూడుసార్లు తిరిగి రావడం ఎరగడు.

“మళ్ళీ ఏమొచ్చింది చెల్లెమ్మా?”

“పాటలకి వంక పెట్టను అన్నయ్యా. ఆయన టేపే. గొంతు ఆయనదే, గొంతులో ఇసుక పోసినట్టుంది.”

ఆయన అంటే ఆమె భర్త. పోయి ఏడాదిన్నర. ఆసుపత్రి మంచం మీద, ఆఖరి వారంలో, మనవరాలి కోసం కథలు చెప్పి రికార్డు చేయించాడు. అప్పటికే గొంతు పెగలడం లేదు, ఊపిరితో చెప్పినట్టే ఉంటుంది. ఈ పెట్టె మీద వింటే పెదవి తడుపుకున్న చప్పుడు కూడా తెలిసేదట. అయినా చెవికి గుచ్చుకునేది కాదట. పోయిన నెలలో పెట్టె లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతే మేస్త్రి కొత్తవి వేశాడు. అప్పట్నుంచే ఈ ఇసుక.

“టేపు అరిగిపోయుంటుందమ్మా.”

“అయితే ఇక అంతేనా? ఉన్నది అదొక్కటే.”

కిటికీ దగ్గర చొక్కాకి బొత్తాం కుడుతున్న మేస్త్రి భార్య చేతిలో సూది ఆగింది.

ఆ పెట్టెలో ధ్వనిని రెండు ట్రాన్సిస్టర్లు మోస్తాయి, ఒకరి చేతిలోంచి ఒకరు నిండు బిందె అందుకున్నట్టు. చేతులు మారేచోట ఒక్క క్షణం ఇద్దరూ పట్టుకుని ఉండాలి. అందుకే పాట లేనప్పుడూ రెండింట్లో కాస్త కరెంటు పారుతుండాలి. ఎక్కువైతే పెట్టె కాగిపోతుంది. తక్కువైతే చేతులు మారేచోట ధ్వని చిట్లుతుంది. హోరుపాటలో అది కలిసిపోతుంది, సన్నటి గొంతులో గరగరలాడుతుంది. అందరూ మీటరు పెట్టి, లోపలున్న చిన్న మర తిప్పి ఆ కరెంటు సరిచేస్తారు. మేస్త్రి మాత్రం సన్నగా పాట పెట్టి, గరగర వినబడేదాకా మర తగ్గించి, అక్కణ్ణుంచి పావు తిప్పు పెంచేవాడు. “మీ మీటరుకి చెవులున్నాయిట్రా?” అని తోటివాళ్ళని ఏడిపించేవాడు. వాళ్ళు ఎగతాళిగా కొనిచ్చిన మీటరు కవరు తీయకుండా అలమరలోనే ఉంది. ఈమధ్య తన పెట్టెలు ముట్టుకుంటే చల్లగా ఉంటున్నాయని మురిసిపోయాడు కూడా.

“టేపు అరగలేదండీ,” అంది భార్య.

“నీకు వినబడుతోందా, ఆ ఇసుక?”

“పోయినసారీ వినబడింది.”

“మరి చెప్పవేం?”

ఆమె దారం పళ్ళతో తెంపింది. “ఈ ఏడు కీచురాళ్ళు రాలేదన్నారు గుర్తుందా? రోజూ పొద్దుగూకేసరికి ఈ కిటికీ కిందే అరుస్తున్నాయి. మీరలా అన్నాక నాకు నోరు రాలేదు.”

మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. గరగర వినబడేదాకా మర తగ్గించడం. వినబడకపోతే ఇంకా తగ్గించడం.

లేచి, భార్య కుర్చీని స్పీకరు ముందుకి జరిపాడు. పెట్టె మూత విప్పి టేపు పెట్టాడు.

“ఇసుక ఉన్నంతసేపూ వేలు ఎత్తే ఉంచు.”

ఆమె వేలెత్తింది. అతను మర తిప్పసాగాడు. అతనికి మొదట్నుంచీ ఒకే గొంతు. వేలు అలాగే నిలబడి ఉంది, తర్వాత కాస్త వంగింది, తర్వాత ఒళ్ళో వాలింది. అలమరలోంచి మీటరు తీసి, కవరు చింపి పెట్టి చూశాడు. పెట్టె చేసినవాళ్ళు రాసిన అంకె దగ్గరే ముల్లు నిలిచింది. అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా తగిలింది.

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. స్పీకర్లో కథ ఆగి, మళ్ళీ మొదలైంది. “ఇదిగో, ఇక్కడే పెదవి తడుపుకున్నారు,” అంది మెల్లగా. మేస్త్రి తల ఊపాడు. అతనికి వినబడలేదు.

ఆమె వెళ్ళాక అడిగాడు. “ఈ ఏడాది నా చేతి మీదుగా పోయిన పెట్టెలు ఎన్నుంటాయి?”

“పదకొండు.” తడుముకోకుండా చెప్పింది భార్య.

“ఒక్కొక్కటే తెప్పిద్దాం.” మూత మరలు బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. “నీ కుర్చీ అక్కడే ఉండనీ.”