మట్టి కప్పు రుచి

వేడి టీ పడగానే మట్టి కప్పు నుంచి ఒక వాసన లేస్తుంది.

వాన వాసన కాదు, పొయ్యి వాసనా కాదు... రెండింటికీ మధ్య ఏదో.

డెబ్బై మూడులో, రత్నం కడుపులో ఉన్నప్పుడు, దాలమ్మకు ఆ వాసనకే నోరూరేది. మొగుడు సూర్యం ఉక్కు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి భుయ్యాడీహ్ బస్తీకి వస్తూ ఆమెకు మట్టి కప్పులో టీ తెచ్చేవాడు. ఫర్నేసు దగ్గర ఎనిమిది గంటలు అరిచి వచ్చినా వాగుతూనే ఉండేవాడు. అతను అటు తిరగగానే ఆమె కప్పు అంచు కొరికేది.

కరకరలాడేది. బాగుండేది — అంత బాగుండకూడదు.

తొమ్మిది నెలలూ తింది. ఎవరికీ చెప్పలేదు.

రత్నానికి ఇప్పుడు ఐదేళ్లు. మాట లేదు. పిలిస్తే చూడదు. సత్తు మూత దొరికితే గిరగిరా తిప్పి, అది ఆగేదాకా నవ్వుతుంది. చెవుడా అంటే కాదు. నది వంతెన ఎక్కే బస్సు చప్పుడు ఇంట్లో అందరికంటే ముందు ఆ పిల్లకే వినిపిస్తుంది.

దాలమ్మకు మళ్లీ నాలుగో నెల.

మళ్లీ అదే వాసన. అదే నోరూరడం.

మట్టి మాటలను తినేస్తుందా? అంత చిన్న అంచు ఇంత చేయగలదా?

ఉండబట్టలేక ఆసుపత్రి నర్సు సువర్ణకుమారిని అడిగింది. రక్తం తక్కువైతే మట్టి మీదకు మనసు పోతుందని ఆవిడ చెప్పింది. ఇనుము బిళ్లలిచ్చింది. చేపలు, గుడ్లు, ఆకుకూరలు తినమంది.

ఊరంతా ఇనుము... తన ఒంట్లోనే లేదట! దాలమ్మకు నవ్వొచ్చింది.

మరి రత్నం సంగతి, అని అడిగింది.

సువర్ణకుమారి కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"అది ఎవరికీ తెలీదమ్మా. నీవల్లేనని నేననను. కాదనీ అనలేను."

ఇంట్లో చేప ఎలా అడగడం? కడుపుతో ఉండి చేప తింటే బిడ్డ ఒంటిమీద పొలుసులు లేస్తాయని అత్త పోలమ్మ నమ్మకం. రత్నం కడుపులో ఉన్నప్పుడు ఆవిడ ఒక్క ముక్క కూడా ముట్టనివ్వలేదు. చేప కావాలంటే మట్టి సంగతి చెప్పాలి.

ఆ సాయంత్రం అత్తకు చెప్పేసింది. తిట్లు తప్పవనుకుంది.

పోలమ్మ వింతగా చూసింది.

"నాను మాత్రం తిన్లేదేటి? నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు పొయ్యి మన్ను గోకి తిన్నాను. ఆడి నోరు ఒక్క పూటైనా మూత పడ్డాదేటి?"

ఐదేళ్ల బరువు ఒక్కసారిగా దిగినట్టయింది దాలమ్మకు. దిగిందో లేదో, ఇంకో ప్రశ్న...

మట్టి కాకపోతే మరేమిటి?

అదే ప్రశ్న పోలమ్మ కళ్లలోనూ కనిపించింది.

మర్నాడు పొద్దున్నే పోలమ్మ నది దాటి మాంగో బజారుకు వెళ్లి చేపలు తెచ్చింది. తనే పులుసు పెట్టింది. తనే ముళ్లు తీసి కోడలి కంచంలో వేసింది.

దాలమ్మ ఒక ముద్ద తింది. ఆగింది.

"అత్తా... అప్పుడు కూడా ఇది తినుంటే, రత్నానికి మాటలొచ్చీవా?"

పోలమ్మ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

మెల్లగా ఇంకో ముక్క తీసింది. తల ఎత్తకుండా, ఒక్కొక్క ముల్లూ ఏరుతూ కూర్చుంది...