తోడుగా పోయిన మనిషి

“ప్రతిభకు తోడు సవిత పోతాదిలే” అని మా అత్త భాగీరథమ్మ తేల్చేసేటప్పటికి నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. నన్ను అడిగినవాళ్ళు లేరు. ప్రతిభ నా ఆడబిడ్డ. తిరుమణి సోలార్ పార్కులో, ఒకప్పుడు మా శెనక్కాయ చేను ఉన్న చోటనే, కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఆ కంపెనీ దాన్ని మూడు రోజుల ట్రైనింగుకు మైసూరు పంపుతోంది. హోటల్లో గది కూడా తీసింది. పెళ్ళి కావలసిన పిల్ల పరాయి ఊళ్ళో ఒంటరిగా పడుకుంటే ఎట్లా అని ఇంట్లో రెండు రోజులు గుంజాటన పడి, ఆఖరికి నన్ను కనిపెట్టారు.

ఆ ఆఫీసు కుర్చీ నాది కావలసింది. భూమి కౌలుకిచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అని కంపెనీవాళ్ళు చెప్పినప్పుడు, పీయూసీ సైన్సు ఫస్టు క్లాసులో పాసైనదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. ప్రతిభది ఆర్ట్సు, అదీ రెండోసారికి. “కోడలు ఆఫీసుకు పోతే ఇంట్లో పని ఎవరు చేయాలప్పా?” అన్నాడు మామ. “ప్రతిభకిస్తే సంబంధాలు బాగా వస్తాయి” అన్నాడు నా మొగుడు నందీష్. నేను మాత్రం ఆ పార్కులోనే సోలార్ పలకలు కడిగే కూలికి పోవచ్చట. తెల్లవారకముందే పోయి, ఎండెక్కేలోగా ఇంటికొచ్చి వంట చేయొచ్చు కదా, అందుకు. మూడేళ్ళుగా మా చేన్లోనే అద్దాలు కడుగుతున్నాను. నేను ఇంటికి బయల్దేరే వేళకు ఆఫీసు కిటికీ అవతల ప్రతిభ టీ తాగుతూ చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను. నాకు కుళ్ళు. దీనికి ఇంకో మర్యాదైన మాట వెతకదలుచుకోలేదు.

మైసూరులో ప్యాలెస్‌కు రెండు వీధుల అవతల హోటల్. పాత ఇంటి ముఖం అట్లాగే ఉంచి లోపల గదులు చిన్న చిన్నవిగా కట్టారు. తలుపు నుంచి కిటికీకి ఆరడుగులు. కానీ ఎంత ముచ్చటగా ఉందో! మంచం కింద సొరుగులు, గోడలోకి మడిచేసే బల్ల, లాగితే రెండో మంచమయ్యే బెంచీ. దిండు పక్కన కళ్ళద్దాలు పెట్టుకోవడానికి ఒక గూడు, దాని పైన ఒకరికి మాత్రమే వెలుగిచ్చే దీపం. కట్టినవాళ్ళు ఒక ఆడమనిషిని మనసులో పెట్టుకుని, ఆమె పుస్తకం ఎక్కడ పెడుతుంది, తడి తువ్వాలు ఎక్కడ వేస్తుంది అని కూర్చుని ఆలోచించారు. ఆమె వంట చేస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. మా ఇంట్లో ఎనిమిది అంకణాలు, నాకని ఒక మేకు లేదు. నా చీర నందీష్ ప్యాంటు కిందో, అత్త శాలువా పైనో ఉంటుంది. ఎవరో తెలియని ఆ మనిషి మీద కూడా నాకు కడుపు మండింది.

మొదటి రోజు అలవాటు చొప్పున నాలుగింటికే లేచాను. నా పక్క మడిచాను, బాత్‌రూం కడిగాను. కిటికీ అద్దం దుమ్ముపట్టి ఉంది. అద్దాన్ని ఎండ తగలకముందే కడగాలి, వేడెక్కాక నీళ్ళు పడితే చారలు కడతాయి. అందుకని సూర్యుడు రాకముందే తువ్వాలు తడిపి, పైనుంచి కిందికి, మా సూపర్‌వైజర్ నేర్పినట్లే తుడిచేశాను. ప్రతిభ మెడలో కార్డు వేసుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాక, గది శుభ్రం చేసే ఆమె వచ్చింది. నల్లబడిన తెల్ల తువ్వాలు చూసింది, అద్దం చూసింది, నన్ను చూసింది. “మీరేనా?” అని కన్నడలో అడిగింది. అవునన్నాను గొప్పగా. ఆమె నవ్వలేదు. “గదిలో దిగినవాళ్ళ చేత పని చేయిస్తున్నావా అని పైవాళ్ళు నన్నంటారు. దయచేసి కూర్చోండి అక్కా” అంది.

కూర్చున్నాను. నేను మడిచిన దుప్పటి విప్పి, ఆమె మళ్ళీ పరిచింది. నేను కూర్చుని ఉండగా ఇంకొకరు పక్క వేయడం నా ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి. సిగ్గనిపించింది. పదిహేను నిమిషాలకు ఆ సిగ్గు పోయింది. ఇంత త్వరగా పోతుందని అనుకోలేదు. ఆమెకు ఇంటికి పోయాక పక్క వేసేవాళ్ళుంటారా అని కూడా అనుకున్నాను, కానీ ఆ తర్వాత. ఆమె వెళ్ళాక తలుపు వేసి గడియ పెట్టాను. ఎవరూ పిలవలేదు. బల్ల కిందికి దించాను, ఎత్తాను, మళ్ళీ దించి దాని ముందు కూర్చున్నాను. రాయడానికేమీ లేదు. అయినా సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. కింద కౌంటర్లో అద్దె అడిగాను. నా కూలికి అందేదే.

మూడో రోజు సాయంత్రం ప్రతిభ బూట్లు విప్పుతూ, “వదినా, ఆరు నెలలు ఇట్లే నెలకోసారి రావాల. ఇంక నేనొక్కదాన్నే వస్తా. భయమేం లేదని నువ్వు చెప్తే అమ్మ వింటాది” అంది. సరేనన్నాను. లోపల మాత్రం పాడు బుద్ధి లేచింది. భయముందని చెబితే? అప్పుడు ప్రతి నెలా నన్నే పంపుతారు. ప్రతి నెలా నాకు ఆ తలుపు, ఆ బల్ల. మరుసటి రోజు బస్సు తుమకూరు దాటి, మధుగిరి దాటి పోతుంటే అబద్ధాన్ని చక్కగా తీర్చిదిద్దాను. లిఫ్టులో ఒకడు అదోలా చూశాడని, అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టారని. పక్కన ప్రతిభ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. తలను పక్కకు నెట్టలేదు, అబద్ధాన్నీ వదల్లేదు.

ఇంట్లో కాళ్ళు కడుక్కోక ముందే అత్త అడిగింది. “ఎట్లుండాది ఆడ? ఆడపిల్ల ఒంటరిగా ఉండొచ్చునా?”

నేను నోరు తెరిచేలోగా ప్రతిభ అందుకుంది. “నాకు భయమైందమ్మా. వదిన లేకుంటే నేను పోను. నెల నెలా వదినను పంపాల్సిందే.”

ఆ మాట నా వైపు చూడకుండా అంది. పొద్దున గది ఖాళీ చేసేటప్పుడు, ఇంకొక గంట ఉందామా అని నేను అడిగినప్పుడే దానికి అర్థమై ఉంటుంది. నాకు కావలసింది నా చేతిలో పెట్టింది, అబద్ధం పాపం కూడా తనే మోసింది. నేను కరిగిపోవాలి కదా? అంతకు ముందెన్నడూ లేనంత కుళ్ళు పుట్టింది. దయ చూపించే వీలు కూడా దానికే ఉంది. ఈ ఆరు నెలలూ దాని దయతో పోయి రావాలి, దాని పెళ్ళయిందంటే ఆ తలుపు నాకూ మూతపడుతుంది.

“అబద్ధం చెప్తాంది అత్తా” అన్నాను. “భయమూ లేదు, ఏమీ లేదు. చక్కగా ఉండాది. నిక్షేపంగా ఒంటరిగా పోయిరానీ.”

ప్రతిభ నోరు తెరుచుకుని చూసింది. అత్త తేలికపడి, “అంతే కదా. ఇంక నువ్వు ఇంటిపట్టున ఉండు” అంది.

“ఉండను. వచ్చే నెల ప్రతిభ పోయొచ్చినాక నేనూ పోతాను. నా కూలి డబ్బుతో, రెండు రోజులు. నేనొక్కదాన్నే.”

చొక్కా విప్పుతున్న నందీష్ చేతులు ఆగిపోయాయి. “నీకేం పనుండాదే ఆడ?” అన్నాడు.

“పనేం లేదు” అన్నాను.