వనజాక్షక్క ఫోను బేరం

నెల్లూరులో నాది సెల్‌ఫోన్ల కొట్టు. ఇసకపల్లి రేవులో చేపలమ్మే వనజాక్షక్క వచ్చి ఇరవై వేలలో ఫోను చూపించమంది. నేను బ్యాటరీ గొప్ప చెబుతుంటే వినకుండా ఫోను వాసన చూసింది. వెనకున్న కెమెరాలను ఒక్కొక్కటే వేలితో మూసి చూస్తూ రెండు ఫొటోలు తీసింది.

"కళ్ళు మూడుండాయి, ఒకటే చూస్తా ఉండాది. రెండు ఫొటోలకే పొట్ట వేడెక్కింది. నిన్నటి సరుకు అంటగడతావా అబ్బయ్యా?"

నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్నే దిగిందక్కా!"

"అయితే మొప్పలు చూపించు."

ఏం చూపించాలో తెలియక సిమ్ పెట్టే అర బయటికి లాగాను. దాని చుట్టూ ఎర్రటి రబ్బరు అంచు ఉంది. అక్క మొహం విప్పారింది.

"ఎర్రగా ఉండాయి. తాజాదే. ఇచ్చెయ్."

"పౌచ్ వెయ్యమంటావా అక్కా?"

"ఐసెయ్యి. ఈ ఎండకి మా ఊరు చేరేలోపల చెడిపోద్ది."