మలావీలో రాహుకాలం

మా డాక్టర్ జయకృష్ణ గారు ఆఫ్రికాలోని మలావీ దేశం వెళ్ళి ఉచితంగా హెర్నియా ఆపరేషన్లు చేస్తారని నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఫ్లెక్సీ కట్టారు. అప్పటికి మాకు వీసాలు కూడా రాలేదు. ఆఫ్రికా పటం మీద నల్లకళ్ళద్దాలతో ఆయన. మూలన సెలైన్ సీసా పక్కన, సీసాకన్నా చిన్నగా నేను, థియేటర్ నర్సు అనసూయని.

ఆయన చెయ్యి చాపితే ఏం కావాలో నాకు తెలుసు కాబట్టి నన్ను తీసుకెళ్ళారు. ఇంకో కారణం రాహుకాలం. ఆ గంటన్నరలో ఆయన కత్తి పట్టరు. ఏ రోజు ఎప్పుడొస్తుందో చూసి ఆపరేషన్ల లిస్టు వేసేది నేనే. మా పేషెంట్లు దీన్ని తప్పుపట్టరు, ఆ టైములో ఆగమని వాళ్ళే అడుగుతారు.

శావల్యాపురం వెంకట్రామయ్య గారు మాత్రం అడగలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక శుక్రవారం పదిన్నరకి, పేగు హెర్నియాలో ఇరుక్కుని వాంతులు చేసుకుంటూ వచ్చారు. డాక్టర్ గారు పన్నెండు దాటాక మొదలుపెట్టారు. పేగు అప్పటికే నల్లబడిపోయింది. మూడో రోజు మనిషి పోయారు. "ముందు చేసినా దక్కేవాడు కాదులే" అన్నారు సార్. నేను కత్తెరలు లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మలావీలో రోజుకి పన్నెండు ఆపరేషన్లు. అక్కడా సార్ రాహుకాలం రాగానే టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మత్తు డాక్టరమ్మ ఇదేదో మన దేశపు టీ సంప్రదాయమనుకుని చాలా గౌరవించింది. పోన్లే అని నేనూ బిస్కెట్లు అందించాను.

శుక్రవారం పదీ నలభైకి చికొండి అనే అతన్ని మోసుకొచ్చారు. సైకిల్ వెనక సీటు మీద జనాన్ని ఎక్కించుకుని టాక్సీలా తొక్కుతాడు. గజ్జల్లో వాపు రాయిలా ఉంది, ఆగకుండా వాంతులు. అదే వారం, అదే జబ్బు. మాతో ఉన్న రెండో సర్జన్ అప్పటికే ఇంకొకరి పొట్ట తెరిచి ఉన్నాడు.

"సెలైన్ ఎక్కించి ఉంచమ్మా. పన్నెండు దాటాక చేద్దాం" అన్నారు సార్, టీ ఊదుకుంటూ.

"ఏ ఊరి పన్నెండు సార్?"

"ఏందమ్మా ఆ ప్రశ్న?"

"మీరు పుట్టింది వినుకొండలో. మిమ్మల్ని పట్టుకుంటే వినుకొండ రాహువే పట్టుకోవాల. ఆడ ఇప్పుడు రెండూ పది. ఆయన పనైపోయి, అన్నం తిని పడుకునుంటాడు. ఈ ఊరి రాహువుకి మీరెవరో కూడా తెలవదు."

"ఎగతాళా?"

"ఎగతాళే సార్. ఏడుపొస్తంది, అందుకే ఎగతాళి చేస్తన్నా. వెంకట్రామయ్య గారప్పుడు నోరు మూసుకున్నా. ఈసారి మూసుకోను. మీరు లేవకపోతే ఊరెళ్ళి ఈ సంగతే ఫ్లెక్సీ కట్టిస్తా."

సార్ టీ సగంలో వదిలేసి లేచారు.

తెరిస్తే పేగు నేరేడుపండు రంగులో ఉంది. వేడి సెలైన్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఎదురుచూశాం. నేను మా కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాను, ఆయనకి వీసా లేకపోయినా. కాసేపటికి ఎర్రగా రంగు తిరిగింది. కొయ్యాల్సిన పని లేకుండా పేగుని లోపలికి నెట్టి కుట్లు వేశాం. నాలుగో రోజు చికొండి తన సైకిల్ వెనక సీటు మీద కూర్చుని ఇంటికెళ్ళాడు. తొక్కింది వాళ్ళావిడ.

మేం తిరిగొచ్చేసరికి సార్‌ని పొగుడుతూ రెండో ఫ్లెక్సీ కట్టారు. ఆ వారమే, బుధవారం పన్నెండుంబావుకి, కారంపూడి బసవపున్నయ్యని అదే జబ్బుతో తెచ్చారు. ఆయన బావమరిది సార్‌ని పక్కకి పిలిచాడు.

"ఒకటిన్నర దాకా రాహుకాలం గదండీ. తమరికి తెలవందేముంది, ఆగుదాం."

సార్ నా వైపు తిరిగారు. "అనసూయమ్మా, మలావీలో టైమెంత?"

"ఎనిమిదీ ముప్పావు సార్."

"చానా మంచి టైము. సంతకం పెట్టవయ్యా."

అతను అర్థంకాకపోయినా పెట్టాడు. ఆఫ్రికా వెళ్ళొచ్చిన డాక్టరుతో వాదనేముంటుంది.

సార్ మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుంటూ అడిగారు. "ఆ రోజు వెంకట్రామయ్య ఎన్నింటికొచ్చాడు?"

"పదిన్నరకి."

"మలావీలో ఏడయ్యుండేది."

"ఏడే సార్."

ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు మాస్కు మీదికి కారాయి. కడిగిన చేతులతో మొహం ముట్టుకోకూడదు. దూది తీసుకుని నేనే తుడిచాను.