పద్నాలుగో సెంటర్ తూకం

గచ్చిబౌలిలోని యూనివర్సిటీలో ప్రభుత్వోద్యోగులకు శనివారాలు డేటా పాఠాలు చెబుతున్నారు. శిశు సంక్షేమ ఆఫీసులో సెలవురోజు వదులుకునేవాళ్లు దొరక్క, ఇంటర్ మధ్యలో ఆగిపోయిన అశ్విని మీద పడింది ఆ భాగ్యం. అంగన్‌వాడీ పిల్లల బరువులు నెలనెలా కంప్యూటర్‌లో ఎక్కించేది ఆమేనాయె.

మూడో శనివారం ప్రొఫెసర్ సంయుక్త ఆ బరువులనే గీతలుగా తెర మీద వేసింది. పద్నాలుగో సెంటర్ గీత జూలైలో ధబీమని పడింది.

"అరకిలో తగ్గారా! గుడ్లూ పాలూ ఎవరు తిని తాగుతున్నట్టండీ?" ఆ రోజు పాఠం ఎలా సాగుతోందో చూడటానికి వచ్చిన ఆఫీసరు రాజరాజేశ్వరి మేడం కుర్చీలోంచి లేచింది. "జూలైలోనే కొత్త టీచర్ నాగమణి వచ్చింది. సోమవారం మెమో ఇచ్చేస్తాను."

పద్నాలుగో సెంటర్ అశ్విని వాళ్ల బస్తీదే. ఆ గీతలో ఆమె రెండేళ్ల బుజ్జి కూడా ఉంది. నోరు తెరిస్తే తన గుట్టు బయటపడుతుంది, మూసుకుంటే నాగమణి కొలువుకే ఎసరు. చెయ్యి ఎత్తింది.

"మేడం, జర ఆగుండ్రి. పిల్లలు బక్కపడలే. తల్లులమే మోసం చేసినం."

మేడం అశ్విని వైపు తిరిగింది.

"తూకం దినం మా బుజ్జికి జీన్స్ ప్యాంటు తొడిగి, బూట్లేసి, కాళ్లకు వెండి కడియాలు పెట్టి, రెండు అరటిపండ్లు కుక్కి తీస్కపోయేదాన్ని. బరువు తక్కువని కార్డుల పసుపు గడిల పడితె నలుగుర్ల ఇజ్జత్ పోతదని. అందరం గంతే. పాత టీచరమ్మ అట్లనే తూచేది. నాగమణక్క వచ్చినంక అన్నీ ఇప్పిచ్చి తూస్తున్నది. ఆ నెల నాకు రెండు దినాలు బువ్వ సయించలే. 'పిల్ల తగ్గలేదే పిచ్చిదానా, బూట్లు తగ్గినయ్' అని నవ్వింది."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇక అయిపోయింది తన పని అనుకుంది అశ్విని.

"నేనైతే చిన్నప్పుడు మా అబ్బాయి రవికిరణ్‌ని తూచేటప్పుడు వాడి జేబులో తాళాలగుత్తి పెట్టానండి," అంది మేడం మెల్లగా. "డాక్టరు తడిమి పట్టేసుకున్నాడు."

గది గొల్లుమంది. వెనక వరసలో ఎవరో, "మా అత్త మా పాపకి మంచినీళ్ల బాటిల్ మొత్తం తాగించింది!" అని అరిచారు.

సంయుక్తకి నవ్వాగలేదు. "కథ బాగుంది. డేటా ఒప్పుకుంటుందో లేదో చూడండి," అని అశ్విని చేతికి మౌస్ ఇచ్చింది.

అశ్విని జూలై తర్వాతి నెలలు తెరిచింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు... గీతని వేలితో చూపించింది.

"పడ్డది ఒక్కపారే. ఆనక నెలనెలా ఎక్కుతనే ఉంది! మిగిలిన సెంటర్ల గీతలు సూడుండ్రి, గుంతల రోడ్డు మీద ఆటో లెక్క ఎగిరెగిరి పడుతున్నయ్. ఒక నెల బూట్లు, ఒక నెల ఉత్తకాళ్లు. సక్కగ తూస్తున్నది నాగమణక్క ఒక్కతే మేడం!"

మేడం అక్కడే ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"నమస్తే మేడం," అంది అవతల నాగమణి. "శనివారం ఫోన్ చేసిన్రు... మెమోనా?"

"కాదమ్మా. మిగతా సెంటర్లవాళ్లకి తూచడం నేర్పాలి. వస్తారా?"

అవతల గట్టిగా ఊపిరి వదిలిన శబ్దం.

"వస్త మేడం. గానీ అన్ని బస్తీల తల్లులు నన్ను తిడితె, జవాబు చెప్పనీకి అశ్వినిని తోలుండ్రి!"

"వస్తనక్కా!" అంది అశ్విని, అందరికంటే ముందు.