నేర్పకుండా మిగిలిన పాఠం

రోజూ పొద్దున కుక్కల ట్రైనర్ గేటు తీసిన చప్పుడు వినగానే ఆ ఇంటి కోడలు స్టవ్ మీద టీ నీళ్లు పెట్టేది. పెరట్లో అతను గొలుసు సరిచేసుకునేవాడు. అత్తగారు మెట్ల దగ్గర కుర్చీ వేయించుకునేది. భర్త పళ్లు తోముకుంటూ పెత్తనం చేసేవాడు. కుక్క మాత్రం నీళ్లతొట్టి వెనక దాక్కునేది.

భర్తకి బ్యాటరీల షాపు. గోడౌన్‌లో సరుకు మాయమవుతోందని, ఛాతీ వెడల్పు చూసి ఆ కుక్కని కొనుక్కొచ్చాడు. ఛాతీ ఉంది గానీ, లోపల ఉన్నది పిట్టగుండె. కుక్కర్ కూత పెడితే చాలు వణికిపోయేది. "నెలాఖరుకి మనిషిని పట్టడం రాకపోతే గోనెసంచిలో కట్టి హైవే అవతల పారేస్తా" అని మొదటిరోజే చెప్పాడు. ఉత్తుత్తి బెదిరింపు కాదు. అంతకుముందున్న కుక్క అలాగే వెళ్లింది.

ట్రైనర్ దాన్ని ఒక్క పూట చూసి తేల్చేశాడు.

"దీనికి గొలుసు పనికిరాదు సార్. భయపడే రకం. ఇష్టమైనది చేతిలో పెట్టుకుని మెల్లగా చెప్తే నేర్చుకుంటుంది. కాస్త టైం పడుతుంది."

"నేను తెచ్చుకుంది కుక్కని, దత్తపుత్రుణ్ణి కాదు. గొలుసుతోనే కానివ్వు."

"మీ ఇష్టం" అన్నాడు ట్రైనర్. ఎవరి కుక్క వాళ్లది, ఎవరి జీతం వాళ్లది.

ఆ ఊళ్లో పాఠాలు వృథాగా పోవు. నేర్పే పద్ధతి ఎదుటివాళ్లకి సరిపడకపోతే, దగ్గర్లో ఎవరికి సరిపడుతుందో చూసుకుని వాళ్లకి అంటుకుంటాయి. పక్కింటివాళ్లు తమ కోడలికి స్కూటర్ నేర్పిస్తే మంచాన పడున్న మామగారికి వచ్చింది. ఇప్పుడు కూరగాయలు ఆయనే తెస్తున్నాడు.

కాబట్టి ట్రైనర్ గొలుసు గుంజి "కూర్చో" అన్నప్పుడు, కుక్క నేలకి కరుచుకుపోయి తడిపేసుకుంటే, వంటింట్లో కోడలు టీ కప్పులతో సహా చతికిలబడింది. మోకాళ్లు వాటంతటవే మడుచుకున్నాయి. ఆమెకేమీ వింతగా అనిపించలేదు. వాళ్ల నాన్న ఆమెను పెంచింది ఈ పద్ధతిలోనే, కాకపోతే గొలుసు బదులు బెల్టు.

అత్తగారు తొంగిచూసింది.

"నీకు అంటుకుందా? పోనీలే, ఇంట్లోనే ఉంది."

"అరవకు" అనే పాఠం వచ్చిన వారం కోడలి గొంతు అడుగంటిపోయింది. గేటు ముందునుంచి పోతున్న పాలవాణ్ణి కూడా పిలవలేకపోయింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని భర్త మెచ్చుకున్నాడు. అత్తగారైతే ట్రైనర్‌ని పక్కకి పిలిచింది. "బాబూ, పిలవకముందే లేచి రావడం కూడా నేర్పుతావా? కుక్కకే."

కోడలికి మాత్రం దిగులంతా ఆ సంచి గురించే. స్టోర్‌రూమ్‌లో మేకుకి వేలాడుతూ రోజూ కనిపించేది. మధ్యాహ్నాలు అత్తగారు కునుకు తీసేవేళ ఆమె ఉడికించిన గుడ్డు ముక్కలు చేసి పట్టుకెళ్లి, తొట్టి పక్కన కూర్చుని, ఉన్న కాస్త గొంతుతోనే "రా కన్నా" అనేది. అది వచ్చేది. వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించేది. ఒక్క పూటలో నేర్చుకుంది. కానీ గోడౌన్‌లో దొంగల పాదాల మీద గడ్డం ఆనించే కుక్క భర్తకెందుకు?

చివరికి ట్రైనర్ చేతికి మందపాటి తొడుగు వేసుకుని అసలు పాఠం మొదలుపెట్టాడు. "పట్టుకో" అని గొలుసు గుంజాడు. కుక్క తొట్టి వెనక్కి దూరింది. వంటింట్లో గరిట రుచి చూస్తున్న కోడలి దవడలు టక్కున మూతపడ్డాయి. చెక్క గరిట నిలువునా చీలింది. దవడలు తెరుచుకోవడానికి కూర మాడేంతసేపు పట్టింది.

ఈ పాఠం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. గరిట ముక్కలు చెత్తబుట్ట అడుగున పెట్టి, పైన తొక్కలు కప్పేసింది.

"రేపు 'వదులు' నేర్పుతా సార్" అన్నాడు ట్రైనర్ వెళ్తూ.

"పట్టడమే రానిదానికి వదలడం దేనికి? ఇంక నువ్వు రానక్కర్లేదు."

మర్నాడు భర్త సంచి దింపి దులిపాడు. కుక్కని తొట్టి వెనకనుంచి గొలుసుతో ఈడ్చుకొచ్చాడు. కోడలు పెరట్లోకి వచ్చి పక్కనే నిలబడింది.

"ఒక్కసారి మీరే చెప్పి చూడండి. మీ గొంతుకైతే వింటుందేమో."

ఆ మాట ఆయనకి నచ్చింది. గొంతు సవరించుకుని, గొలుసు బలంగా గుంజి, "పట్టుకో" అన్నాడు.

ఆమె ఆయన ముంజేతిని పట్టుకుంది.

ఆయన కేకకి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. జుట్టు పట్టి లాగితే పళ్లు ఇంకా దిగాయి. వీపు మీద కొడితే ఇంకా దిగాయి. ఆమె కళ్లు మూసుకునే ఉంది. పెళ్లయ్యాక అంత హాయిగా ఆమెకి ఎప్పుడూ లేదు.

అత్తగారు ట్రైనర్‌కి ఫోన్ చేసి, జరిగింది చెప్పి స్పీకర్ పెట్టింది.

"వదలడం నేర్పలేదండీ. సారే వద్దన్నారు."

"ఇప్పుడొచ్చి నేర్పి చావు."

"గొలుసుతో పట్టించింది కదా, గొలుసుతో వదలదు. లాగేకొద్దీ బిగుస్తుంది. ఇంక మెల్లగా చెప్పే పద్ధతే. ఆవిడకి ఇష్టమైనదేదో దగ్గర పెట్టి, బుజ్జగించి అడగండి. ఇంట్లోవాళ్లు అడిగితే చాలు."

"ఇష్టమైనదా?"

"అదేనండీ. ఆవిడకి ఏమిష్టం?"

అత్తగారు కొడుకు వంక చూసింది. కొడుకు తల్లి వంక చూశాడు.

"టీ" అన్నాడు చివరికి, పళ్లబిగువున.

"అది నీకిష్టంరా" అంది తల్లి.

ఆయన చేతిలోంచి గొలుసు జారిపోయింది. కుక్క సంచిని తొక్కుకుంటూ వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించింది. ఆమెకి తొందరేమీ లేదు. ఫోన్‌లో ట్రైనర్ ఓపిగ్గా అడుగుతూనే ఉన్నాడు.

"చెప్పండి సార్, ఆవిడకి ఏమిష్టం?"